మా ఇంటి తెల్లచీరలు

పొలం గట్టున ఎవరూ విత్తకుండానే మొలిచే గడ్డిపువ్వుకు అంత అందమైన బట్ట తొడిగే దేవునికి స్తోత్రం. మొదటి తోటలో తప్పుచేసి, ఆకులు చుట్టుకుని దాక్కున్న ఆ మొదటి ఆలుమగలిద్దరినీ బయటికి పంపే ముందు తన చేతులతోనే చొక్కాలు చేసి తొడిగించిన తండ్రికి స్తోత్రం. లోకంలో మొదటి దర్జీ దేవుడేనని సండేస్కూల్లో చెబితే పిల్లలు పకపకా నవ్వుతారు. నేను నవ్వను. బట్టలు కుట్టి బతుకుతున్నదాన్ని. కోపం వచ్చిన రోజు కూడా ఆయన వాళ్లను చలికి వదిలేయలేదన్న సంగతి ఎన్నిసార్లు చదివినా నాకు పాతబడదు. ఈ నాలుగు మాటలూ ఆయన మహిమకే రాస్తున్నాను.

మాది వనపర్తి. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, లంగాలు, పిల్లల స్కూలు డ్రెస్సులు కుడతాను. చీరలకు ఫాల్ వేస్తాను. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్తమ్మ. ఒక్కతే బిడ్డ, నాగర్‌కర్నూల్‌లో ఒక దవాఖానలో నర్సు. పెళ్లయిన కొత్తలో, పసిబిడ్డను అత్తమ్మ దగ్గర వదిలి, నేనూ మా ఆయనా పుణె పక్కన కట్టడాల పనికి వలసపోయాం. అక్కడ రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనలో ప్రభువును తెలుసుకున్నాం. అత్తమ్మ మాత్రం తన ఎల్లమ్మను విడవలేదు. మమ్మల్ని ఆపనూ లేదు. "మీ దేవుడు మీకు, నా దేవత నాకు. అన్నం మాత్రం ఒక్క కుండల్నే తిందాం" అంది. ఇరవై ఏళ్లకు పైగా అట్లాగే తింటున్నాం.

అత్తమ్మ కట్టిన బట్టలన్నీ వరసగా చెప్పుకుంటూ పోతే మా పాలమూరు ఆడవాళ్ల కథ చాలావరకు అందులోనే దొరుకుతుంది. ఆమె పెళ్లినాటికి కూలి ఇళ్లలో ఒక్కొక్కరికి రెండే చీరలు, ఒకటి ఒంటిమీద, ఒకటి దండెం మీద. ముతక నూలు చెమటకు గట్టిపడి, ఎండకు వెలిసి, చివరికి పసిపిల్లల కింద బొంత అయ్యేది. నాట్లకు పోతే ఆమె గోచి పెట్టి కట్టేది. ఇప్పటికీ తొందరలో ఉంటే చేయి తనకు తెలియకుండానే కుచ్చిళ్లను వెనక్కి లాగుతుంది. తర్వాత పాలిస్టర్ చీరలు వచ్చాయి. "ఉతికితే గంటల ఆరుతది. కట్టుకుంటే మాత్రం పొయ్యి ముందల కూసున్నట్టు ఉంటది" అంటుంది వాటిని.

ఆ తర్వాత వచ్చింది చొక్కా. మా వైపు పత్తిచేలల్లో, రోడ్డు పనుల్లో, కట్టడాల దగ్గర ఆడవాళ్లను చూడండి. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా ఉంటుంది. ఎండ కాల్చదు, పత్తికాయ మొనలు గీరవు, వంగినప్పుడు కొంగు జారదు. ఇది ఏ దర్జీ ఆలోచించి కుట్టింది కాదు. ఏ దుకాణమూ దీన్ని ఆడవాళ్ల బట్ట అని అమ్మలేదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని అందరూ వేసుకుంటారు. అత్తమ్మ మొదట వేసుకున్నది పోయిన మామయ్య చొక్కానే. కాలరు చిరిగితే తిప్పి కుట్టుకుంది. అది అరిగిపోయాక కొడుకుది తీసుకుంది. పుణెలో నేనూ అట్లాగే వేసుకుంటే మా గుంపు మేస్త్రీ, "మీ పాలమూరుల ఆడోళ్లకు మొగోళ్లకు ఒక్కటే అంగీనా?" అని ఎగతాళి చేశాడు. నా పక్కన ఇటుకలు మోస్తున్నామె తట్ట దించకుండానే, "అంగీ ఒక్కటే మేస్త్రీ, కూలే ఒక్కటి గాదు" అంది.

ఇప్పుడు కాలం మారింది. పొద్దున పాలప్యాకెట్టు కోసం వీధిలోకి వచ్చే ఆడవాళ్లందరూ నైటీల్లోనే ఉంటారు, పైన ఒక తువ్వాలు. కూలిపని చేసే ఇళ్లలోనూ బీరువా నిండా చీరలు ఉన్నాయి, దేవునికి స్తోత్రం. పెళ్లికూతుళ్లు ఫోనులో ఫోటో చూపించి జాకెట్టు వెనక కిటికీలు పెట్టమంటారు. నేను పెడుతుంటే అత్తమ్మ పక్కన కూర్చుని, "గాలి ఆడనీకి ఇంటికి కిటికీలు పెడ్తరు గాని ఈపుకు గూడ పెడ్తరా?" అంటుంది. వచ్చిన పిల్లలు ఆ మాటలు వినడానికే ఇంకొంచెంసేపు కూర్చుంటారు.

ఇన్ని రంగులు చూసిన మనిషికి పడనిది ఒక్క తెలుపు.

మామయ్య పోయేనాటికి ఆమెకు ఇరవై రెండో ఇరవై మూడో. పదో రోజున పుట్టింటివాళ్లు తెల్లచీర తెచ్చి ఒళ్లో పెట్టారు. అప్పటి ఆచారం అది. ఆ చీరతోనే ఆమె ఎర్రమట్టిలో దిగి నాట్లు వేసింది, కలుపు తీసింది. "ఏడాది తిరిగేవరకు గా చీర తెల్లగ లేకుండె. మన్నే రంగు అద్దింది. గప్పుడు ఇడిసిపెట్టిన" అని నాకు ఒకే ఒక్కసారి చెప్పింది.

మా సంఘంలో ఆడవాళ్లం ఆరాధనకు తెల్లచీర కడతాం. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే చాప మీద ఒకే రంగులో కూర్చుంటే ఎవరి చీర ఎంతదో చూసుకునే పని ఉండదు. కూలి చేసుకునే మాలాంటి వాళ్లకు అది ఎంత నెమ్మదో కట్టుకున్నవాళ్లకే తెలుసు. నేను మొదటిసారి తెల్లచీర కట్టుకుని గడప దాటుతుంటే అత్తమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. "నా కొడుకు బతికుండంగ గిదేంది పిల్లా" అంది. అంతే. ఆ తర్వాత ప్రతి ఆదివారం నేను బయలుదేరే వేళకు పక్కింటి వాకిట్లోకి పోయి కూర్చునేది. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పోయిన ఏడు బిడ్డకు సంబంధం కుదిరింది. అబ్బాయిది నాగర్‌కర్నూల్ పక్క పల్లె, విశ్వాసుల కుటుంబం. పెళ్లి మా వనపర్తి మందిరంలోనే అనుకున్నాం. బిడ్డ అడిగింది ఒక్కటే. "అందరు కట్టుకున్నట్టె తెల్లచీర కడ్త అమ్మా. కాకపోతే గద్వాల మగ్గం మీద నేసింది కావాలె."

గద్వాల మాకు బస్సులో ఎంతో దూరం కాదు. అయినా ఆ చీర మా ఇంటికి రావడానికి మూడు తరాలు పట్టింది. కట్టుకునే ఇళ్లవాళ్లు తెచ్చిస్తే నేను ఫాల్ వేసి మడతపెట్టి ఇచ్చేదాన్ని. తల్లీబిడ్డలం ఇద్దరం బస్సెక్కి ఒక మగ్గం ఇంటికి పోయాం. గుంటలో కాళ్లు పెట్టుకుని ఒక పెద్దాయన నేస్తున్నాడు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగునూ పట్టు పోగునూ వరస వరసకూ వేళ్లతో మెలేసి కలుపుతున్నాడు. రెండు బట్టలు ఎక్కడ కలిశాయో వేలితో తడిమినా దొరకలేదు. నేను మిషను మీద జన్మంతా కుట్టినా అట్లాంటి అతుకు వేయలేను.

తెల్లచీర నేయాలని చెప్పాం. "తెల్లదా? ఎవలకు?" అన్నాడు ఆయన.

"నాకే తాతా, పెండ్లికి" అంది బిడ్డ.

అటూ ఇటూ పోగు లాగే నాడె ఆయన చేతిలో ఆగిపోయింది. లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. "ఇగో, ఈ పిల్ల పెండ్లికి తెల్లచీర అడుగుతుంది చూడు."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మీ దాంట్ల గట్లనే ఉంటదా అమ్మా? అంచన్న ఎర్రది ఏపిచ్చుకోరాదు? ఎక్కువొద్దు, ఏలెడు."

"అంచు గూడ తెలుపే అక్కా. జరీ వెండిది" అన్నాను.

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "నలభై ఏండ్ల సంది నేస్తున్న. రంగు సక్కగ పడలేదని తిట్టినోళ్లు ఉన్నరు గాని రంగే వద్దన్నది నువ్వొక్కదానివే బిడ్డా. నేస్త తియ్యి. గాని నా మగ్గానికి నేను పసుపు బొట్టు పెట్టే మొదలువెడ్త. గది మీరు అడగొద్దు."

"మీ మగ్గం మీ ఇష్టం పెద్దాయనా" అన్నాను. ఆ మాట అనడం నాకు ఏమీ కష్టం కాలేదు.

ఇంటికొచ్చి సంగతి చెప్పేసరికి అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తకుండానే, "నేను రాను" అంది.

"ఎక్కడికి?"

"మీ మందిరానికి. ఇంటికాడ వంటలు చూస్కుంట. పెండ్లి అయినంక అది రంగు చీర కట్టుకుంటది గద, గప్పుడు చూస్త."

బిడ్డ నవ్వుతూ పక్కన కూర్చుంది. "అవ్వా, దవాఖానల రోజు తెల్లకోటే గద నేను ఏసుకునేది? గప్పుడు ఏమనకపోతివి?"

"గది కోటు. పనికాడ ఏసుకునేది. పెండ్లి బట్ట గాదు."

నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు. తెలుపు ఏడుపు రంగు కాదనీ, పరలోకంలో సింహాసనం ముందు నిలబడే వాళ్లందరివీ తెల్లని వస్త్రాలేననీ, అది గెలుపు రంగు అనీ మొదలుపెట్టి సండేస్కూలు పాఠం మొత్తం ఒప్పజెప్పాను. అత్తమ్మ చివరిదాకా విన్నది.

"మీ పరలోకంల కట్టుకుంటరేమో. నాకు మాత్రం పదో దినం నాడు మా అన్న ఒళ్లె పెట్టిండు. నాకు పెట్టిన చీర దానికి నువ్వు పెడ్తున్నవు. నేను ముందల కూసోని చూడాల్నా?"

నేనూ రెండు చిక్కుడుకాయలు తీసుకుని తుంచడం మొదలుపెట్టాను.

మేము పుణెలో ఉన్న ఆరేళ్లూ బిడ్డను పెంచింది అత్తమ్మే. దానికి తల దువ్వింది, బడికి పంపింది, జ్వరం వస్తే ఎత్తుకుని దవాఖానకు నడిచింది. ఆమె వచ్చి కూర్చోకపోతే అది బిడ్డకు పెళ్లే కాదు. బిడ్డ వంటింట్లో నా వెనక నిలబడి, "రంగు చీరనే కట్టుకుంట తియ్యమ్మా. అవ్వ లేకుంటే నాకు కాళ్లు ఆడవు" అంది. నేను ఒప్పుకోలేదు. చీర మగ్గం మీదికి ఎక్కింది, నీ మనసులో ఉన్నది అదే, ఎందుకు మార్చుకుంటావన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నా పట్టుదలకు నేనే విశ్వాసం అని పేరు పెట్టుకున్నానని తెలుస్తోంది. అత్తమ్మ మనసు మార్చమని ప్రతి పూటా ప్రార్థన చేశాను. నా మనసు సంగతి దేవుని ముందు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

చీర వచ్చింది. చేటలో పోసిన కొత్తబియ్యం లాంటి తెలుపు. అత్తమ్మ చూస్తుందేమోనని బీరువాలో అడుగున పెట్టాను. పెళ్లి ఇంక మూడు రోజులు ఉందనగా మధ్యాహ్నం ఫాల్ వేద్దామని తీసి, లోపలి కొన మిషను మీద పరిచాను. నడుములో దోపుకునే మూలన చిటికెన వేలి గోరంత పసుపు ఉంది.

కొత్తబట్ట కట్టేముందు మూలకు పసుపు పెట్టడం మా వైపు ఇంటింటా ఉన్నదే. ప్రభువులోకి వచ్చాక మేము మానేశాం. ఎవరు పెట్టారో అడగాల్సిన పనిలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ కొన పట్టుకుని తొట్టి దగ్గరికి పోయి బట్టల సబ్బు పెట్టి గట్టిగా రుద్దాను.

పసుపు మీద సబ్బు పడితే ఏమవుతుందో బట్టలతో బతికేదాన్ని నాకు తెలియదా? తెలుసు. కోపంలో గుర్తురాలేదు. పసుపు చూస్తుండగానే ఎర్రబడింది, అచ్చం కుంకుమలాగా. నీళ్లు తగిలి గోరంత ఉన్నది బొటనవేలంత అయింది.

"ఏంది పిల్లా గది?" వెనకనుంచి అత్తమ్మ గొంతు.

వంగి చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేను పసుపే పెట్టిన. కుంకుమ నువ్వు పెట్టినవు."

నాకు నవ్వు రాలేదు. "ఎందుకు పెట్టినవు అత్తమ్మా? మేము గివన్ని ఇడిసిపెట్టినమని నీకు తెల్వదా?" అని గట్టిగానే అరిచాను.

ఆమె మెట్టు మీద మెల్లగా కూర్చుంది. "తెలుసు. గందుకే లోపలి కొనకు పెట్టిన, ఎవ్వల కండ్ల పడకుండ. నాకిచ్చిన చీరకు పసుపు లేకుండె పిల్లా. ఎవ్వలు పెట్టలే. దీనికి జరంత ఉంటే గది వేరు, గిది వేరు అనుకున్న. గప్పుడు నేనొచ్చి కూసోవచ్చు. వద్దామనే పెట్టిన."

నా చేతిలో సబ్బు ఉంది. ఆమె రావడానికి వేసుకున్న ఒక్క దారినీ నేను ఆ సబ్బుతోనే తుడిచేశాను. దూరంగా ఆలయంలో పెరిగే కొడుక్కి ఏటేటా చిన్న అంగీ కుట్టి మోసుకుపోయిన బైబిల్లోని తల్లి గురించి సండేస్కూలు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మా ఇంట్లోనే ఒక ముసలామె అట్లా ఒక బట్టను పట్టుకుని దేవుని వాకిటిదాకా వచ్చి నిలబడితే నాకు కనబడలేదు.

"గట్ల నిలవడకు. నిమ్మకాయ తే" అంది అత్తమ్మ.

తెచ్చాను. ఆమె సగం కోసి ఆ ఎరుపు మీద మెల్లగా పిండింది. చూస్తుండగానే ఎరుపు వెనక్కిపోయి మళ్లీ పసుపు వచ్చింది. "మా అవ్వ కుంకుమ ఇంట్లనే చేస్తుండె. సున్నం తగిలితే ఎర్రగైతది, పులుపు తగిలితే మల్ల పసుపైతది" అంది. మంచినీళ్లతో రెండుసార్లు కడిగింది. తర్వాత కొన నా చేతికిచ్చి, నా వైపు చూడకుండా, "ఎండల ఏసిరా. పసుపు ఎండకు నిలవదు. పొద్దుగూకేవరకు ఆనవాలు గూడ ఉండదు. నీకు పరేషాన్ ఉండదు" అంది.

వాకిట్లో ఎండ దంచుతోంది. దండెం ఖాళీగా ఉంది. నేను చీరను ఇంట్లోకి తీసుకుపోయి గదిలో నీడన ఆరేశాను.

అత్తమ్మ అంతా చూసింది. లోపలికి వచ్చి నీళ్లు తాగి, "నాకు జాకెటు కుట్టినవా?" అంది.

"నువ్వు రానంటివి గద. కుట్టలే."

"ఇంక మూడు దినాలు ఉన్నది గద. కుట్టు. ఈపుకు కిటికీలు పెట్టకు."

మర్నాడు మా సంఘపు పాస్టరు అయ్యగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. దాచి పెళ్లి చేయడం నాకు ఇష్టం లేదు. ఆయన, "అమ్మాయికి చీర కట్టడం నేర్పింది ఎవరమ్మా?" అని అడిగారు. అవ్వే అన్నాను. "అయితే నడుములో దోపుకునే మూల సంగతి వాళ్లిద్దరిది. నేను ప్రమాణాలు వింట. చీర కొనలు వెదుకను" అన్నారు. ఇది చదివి తప్పనేవాళ్లు మా విశ్వాసుల్లోనే ఉంటారు. వాళ్లతో వాదించను. ఆ రాత్రి మాత్రం చాలా రోజుల తర్వాత నెమ్మదిగా నిద్రపట్టింది.

పెళ్లి పొద్దున బిడ్డకు చీర కట్టింది అత్తమ్మే. మొదట ఆ మూలను నడుములో దోపింది, తర్వాత చుట్టూ తిప్పింది. మందిరంలో ఆడవాళ్ల వైపు ముందు వరసలో నా పక్కన, మామిడిపండు రంగు చీరలో కూర్చుంది. చుట్టూ చూసి, "వరిమడి మీద కొంగలు వాలినట్టు ఉన్నరు గదనే అందరు" అంది. మెల్లగా అన్నాననుకుంది గాని నాలుగు వరసలకు వినిపించింది. నవ్వులు ఆగేసరికి బిడ్డ గుమ్మంలోకి వచ్చింది. అత్తమ్మ తల తిప్పుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బిడ్డ ముందుకు చేరేదాకా రెప్పవేయకుండా చూసింది.

అయ్యగారు ప్రమాణాలు మొదలుపెట్టారు. అబ్బాయి సగం చెప్పాడో లేదో అత్తమ్మ నా మోచేతిని పొడిచింది. "కుచ్చిళ్లు జారుతున్నయి చూడు."

"ఉండు అత్తమ్మా, అయిపోతది."

ఆమె ఉండలేదు. మోకాలి మీద చేయి పెట్టుకుని లేచింది, నేరుగా ముందుకు నడిచింది. పెళ్లికొడుకు మాట ఆపేశాడు. సంఘం మొత్తం చూస్తుండగా ఆమె బిడ్డ ముందు గొంతుక్కూర్చుని, జారిన కుచ్చిళ్లను ఒక్కొక్కటిగా మడిచి, సరిచేసి, అడుగున ఒకసారి గట్టిగా లాగింది. బిడ్డ ఆమె భుజం మీద చేయి వేసి నిలబడింది. పని అయ్యాక అత్తమ్మ లేచి, అయ్యగారి వైపు చూసి, "ఇగ కానియ్యి అయ్యా" అంది.

అయ్యగారు కానిచ్చారు.

అత్తమ్మ ఇప్పటికీ ఎల్లమ్మ దగ్గరికే పోతుంది. నేను ఆమె కోసం ప్రార్థించడం మానలేదు, మానను. కాని ఇప్పుడు ఆ ప్రార్థనలో ముందు నా పేరు చెబుతున్నాను, తర్వాతే ఆమెది. ఇంతదాకా చదివిన మీరు ఎక్కడ కూర్చుని ఉన్నా ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి. తండ్రీ, మా ఇళ్లలో పెద్దవాళ్లు మాటల్లో చెప్పలేని దుఃఖాన్ని మాకు చూపించు. నీ మాట మా నోటినుంచి ఎవరిమీదా రాయిలా పడనీయకు. ఎదురుగా నడిచి వచ్చేవాళ్లకు మేము అడ్డం నిలబడకుండా చేయి. ఆ ముసలి ప్రాణానికి మోకాళ్ల నొప్పి తగ్గించి, ఇంకా చాలా పెళ్లిళ్లకు లేచి నడిచే బలం ఇవ్వు. ఆమెన్.